అవతలి తీరానికి ఒక పేజీ

పోర్ట్ బ్లెయిర్‌లో నేనుండే గది లంబాలైన్‌లో, విమానాశ్రయం గోడకి దగ్గర. గదిలో ఏమున్నాయో చెప్పడం సులువు: ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఇంటర్నెట్ పెట్టె, కరెంటు పోయినా అది ఆగకుండా ఒక బ్యాటరీ. రెండో కుర్చీ ఎందుకు కొన్నానో నాకే తెలియదు. మొదటి ఏడాది దానిలో కూర్చున్నది ఒక్కడే, ఇంటర్నెట్ బాగుచేయడానికి వచ్చిన మనిషి.

మాది విజయనగరం. కంప్యూటర్లు చదివాను, తర్వాత ఆరోగ్య సమాచారం మీద రెండేళ్ళ కోర్సు చేశాను. మన దేశం, థాయ్‌లాండ్ కలిసి మొదలుపెట్టిన ఒక చిన్న ప్రయోగంలో ఉద్యోగం దొరికితే ఇక్కడికి వచ్చాను. ప్రయోగం ఇది. ఇంజను చెడిపోయో, గాలికి కొట్టుకుపోయో ఇటు జాలర్లు అటు, అటు జాలర్లు ఇటు చేరుతుంటారు. అలా చేరినవాడు జబ్బు మనిషైతే అక్కడి డాక్టరుకి అతని గురించి ఏమీ తెలియదు. అందుకని ప్రతి జాలరికీ ఒక పేజీ తయారుచేసి ఉంచాలి. జబ్బులు, వాడే మందులు, పడని మందులు, రక్తం గ్రూపు, అంతే. అడిగినప్పుడు ఆ మనిషి అనుమతితో ఆ పేజీ సముద్రం దాటాలి.

ఆ పేజీలో ప్రతి గడికీ రెండు వైపులా ఒకే అర్థం ఉండేలా చూడటం నా పని. వినడానికి చిన్నదే. పొగాకు అన్న ఒక్క గడి దగ్గర మూడు వారాలు ఆగిపోయాం. వాళ్ళ లెక్కలో పొగాకంటే సిగరెట్టు. మా దీవుల్లో పొగాకు కలిపి బుగ్గన పెట్టుకునే సుపారీని ఎందులో వెయ్యాలో తేలలేదు. చివరికి ఇంకో గడి చేర్చాం. ఆరోజు నాకు నిజంగా సంతోషమేసింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి ఒకసారి చూసి జేబులో పెట్టుకున్నాను.

వారానికోసారి ఉమ్మడి సమావేశం. తెర మీద పన్నెండు గళ్ళు, అందులో పదకొండు నల్లగా ఉండేవి. కెమెరా వేసుకుని కూర్చునేది థాయ్ తీరంలోని జిల్లా ఆసుపత్రిలో రికార్డులు చూసే ఒకావిడ మాత్రమే. ముందు నర్సుగా చేసిందట. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దదై ఉంటుంది. చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో మాట్లాడేది. నన్ను మాత్రం తన భాషలో తమ్ముళ్ళని పిలిచే మాటతో పిలిచేది. ఆమె వెనక ఒక కిటికీ. మా దగ్గర పడిన వాన రెండు రోజుల తర్వాత ఆ కిటికీలో పడుతున్నట్టు అనిపించేది. వారం మొత్తంలో నేను పేరుపెట్టి కాకుండా వరసపెట్టి పిలిపించుకున్నది ఆ ఒక్కసారే.

పేజీలతోపాటు ఒక పరిశోధన కూడా నడిచేది. ఏళ్ళ తరబడి మందులు వాడాల్సినవాళ్ళు మధ్యలో ఎందుకు మానేస్తారన్నది ప్రశ్న. ఆరోగ్య కేంద్రాలనుంచి, పేర్లు తీసేసి మనిషికొక వరస చొప్పున, వివరాలు నా దగ్గరికి వచ్చేవి. అందులో ఒక వరస నాకు బాగా నచ్చింది. ఆడమనిషి, నలభై దాటింది, చేపలమ్ముతుంది, మూర్ఛ జబ్బు. ఆరేళ్ళలో ఒక్క నెల కూడా మందులు తీసుకోవడం తప్పలేదు. ఆరేళ్ళలో ఒక్కసారీ మూర్ఛ రాలేదు. ఆ వరసని సమావేశంలో 'ఉదాహరణ ఒకటి' అని చూపించాను. థాయ్ ఆవిడ ముందుకి వంగి చూసింది.

"ఈమె ఎలా చేస్తోంది? మావాళ్ళు నాలుగు నెలలకే మానేస్తారు. ఈమెని కలిసి అడగరా?"

అడుగుతానన్నాను. అనుమతి కాగితాల దగ్గర అది ఆగిపోయింది.

ఆ వానాకాలంలో బ్రూక్షాబాద్ వైపునుంచి వెళ్ళిన ఒక పడవ ఇంజను చెడిపోయి కొట్టుకుపోయింది. అందులో ఆరుగురు మనవాళ్ళు. తీరం వదిలిన పదిహేడో రోజున థాయ్ జాలర్లు చూసి ఒడ్డుకి చేర్చారు. ఆరుగురూ బతికే ఉన్నారని కబురు వచ్చింది. మా ప్రయోగానికి ఇదే మొదటి అసలు పరీక్ష. ఐదు పేజీలు ఆరోజే వెళ్ళాయి. ఆరో మనిషి పేజీకి అనుమతి రాలేదు.

అనుమతంటే ఓటీపీ. ఆ మనిషి రాయించిన ఫోన్‌కి ఆరంకెలు వెళ్తాయి, అవి మా తెర మీద కొట్టాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అనుమతి లేకుండా పంపవచ్చా అన్న దాని మీద రెండు దేశాల న్యాయ విభాగాలు ఇంకా ఉత్తరాలు రాసుకుంటున్నాయి. అవి తేలేదాకా ఓటీపీ తప్పదు. ఆరో మనిషి రాయించింది తన అక్క నంబరు. నేను మూడుసార్లు ఫోన్ చేశాను. ఓటీపీ అన్న మాట వినగానే మూడుసార్లూ పెట్టేసింది.

మర్నాడు పదిన్నరకి థాయ్ ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ళకి అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. ఈసారి కెమెరా లేదు.

"ఆ ఆరో అతనికి పొద్దున రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. జ్వరం కూడా ఉంది. ఇప్పుడు మత్తుగా ఉన్నాడు, మాట్లాడలేడు. డాక్టరు ఒకటే అడుగుతున్నారు, ఇది జీవితంలో మొదటిసారా? మొదటిసారైతే మెదడుకి జ్వరం పట్టిందేమో చూడాలి, వెన్నులోంచి నీరు తియ్యాలి, నాలుగు గంటల దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి పంపాలి. పాత జబ్బైతే ఏ మాత్రలు, ఎంత మోతాదు? పడవలో వాళ్ళు ఎప్పుడూ లేదంటున్నారు."

అతని పేజీ నా ముందే ఉంది. జబ్బులు లేవు. మందులు లేవు. ఆ రెండు మాటలు పంపితే చాలు, వాళ్ళు మొదటిసారే అనుకుంటారు. దానికి కావాల్సింది ఆరంకెలు. స్కూటరు తీశాను.

ఇల్లు దొరకడం కష్టం కాలేదు. అక్క వాకిట్లో చేపల ట్రేలు కడుగుతోంది. పక్కింటావిడ గోడకి ఆనుకుని కబుర్లు చెబుతోంది. నేనెవరో చెప్పాను.

"దీదీ, మీ ఫోన్‌కి ఆరంకెల నంబరు వచ్చింది. అది నాకు చెప్పాలి."

"సెప్పను."

"మీ తమ్ముడి కోసమే."

"మొన్నొకడు లాటరీ అన్నాడు, అంతకుముందొకడు బ్యాంక్ బంద్ అన్నాడు. నువ్వు తమ్ముడంటన్నావు."

"ఫోన్‌లో అడిగీవోడు ఇంటికే వచ్చీసినాడే," అంది పక్కింటావిడ. "తరక్కీ హో గయా, పెమోషనొచ్చీసినాది."

నా గుర్తింపు కార్డు చూపించాను. అక్క తడి చేతుల్తోనే అందుకుని ఫొటోకీ నాకూ రెండుసార్లు చూసింది.

"ఇందులో జుట్టు ఎక్కువున్నాది నీకు."

"రెండేళ్ళ కిందటిది. దీదీ, అతనికి పొద్దున ఫిట్స్ వచ్చాయి. రెండుసార్లు."

ఆమె చేతిలో ట్రే ఆగింది. నా వైపు కాదు, పక్కింటావిడ వైపు చూసింది.

"ఒదినా, నీ ఇంట్లో కుక్కరు కూతేస్తన్నాది, ఎల్లు."

"నాకు కుక్కరెక్కడిదే?"

"అయితే కొనుక్కో. ఎల్లు."

లోపలికి రమ్మని తలుపు దగ్గరగా వేసింది. నేల మీద కూర్చున్నాం.

"ఆ కాయితంలో ఏటున్నాది?"

"ఏమీ లేదు. జబ్బుల్లేవు, మందుల్లేవు అనుంది."

"ఆల్లు అదే నిజమనుకుంటారా?"

"అనుకుంటారు. అందుకే కదా పంపేది."

"అయితే పంపకు."

లేచి వెళ్ళి అలమారా కిందినుంచి ఒక స్టీలు డబ్బా తెచ్చింది. అందులో మాత్రల పట్టీలు, ఆరోగ్య కేంద్రం వాళ్ళిచ్చే పుస్తకం. పుస్తకం మీద పేరు ఆమెదే. పేరు కింద నంబరుంది. పేర్లు తీసేసిన వరసల్లో నాకు కనిపించేవి ఆ నంబరులోని చివరి నాలుగంకెలు. ఆ నాలుగూ నాకు కంఠతా వచ్చు. ఏడాదిగా నేను రెండు దేశాలకి చూపిస్తున్న వరస నా ఎదురుగా కూర్చుని ఉంది. ఆమెకి ఏ జబ్బూ లేదు.

"ఆడికి పందొమ్మిదో ఏట వొచ్చినాది మొదట. ఇంట్లోనే పడ్డాడు, నాను తప్ప ఎవులూ సూడలేదు. వైజాగ్ తీసుకెల్లి సూపించినాను. మందులు మింగితే రాదన్నారు. నిజంగానే రాలేదు." ఒక పట్టీని వేళ్ళతో తిప్పింది. "కానీ ఫిట్సని తెలిస్తే ఏ సరంగు తన పడవెక్కించుకుంటాడు? సముద్రం తప్ప ఆడికేటొచ్చు?"

"అందుకని మీ పేరు మీద రాయించారు."

"ఆడికొచ్చినవే నాకొచ్చినట్టు సెప్పినాను. నాకైతే ఏటి బాబూ? వొచ్చినా బజార్లో పడతాను గానీ నీల్లలో పడను కదా అనుకున్నాను." పుస్తకం డబ్బాలో పెట్టింది. "ఒకసారి బడిలో వంట పని అడిగితే, ఫిట్స్ మనిషివి, మంట కాడొద్దన్నారు. ఏటంటాను? నిజమే కదా అన్నాను."

"పడవలో ఎలా మింగేవాడు?"

"సుపారీ డబ్బాలో పెట్టిస్తాను. ఏడు రోజుల ఏటకి ఇరవై. రోజుకి రెండు." వేళ్ళు మడిచి చూసుకుంది. "పదో రోజుకే అయిపోయుంటాయి."

నాకు మూడు దారులు కనిపించాయి. ఒకటి, తమ్ముడి పేజీ పంపడం. నియమం ప్రకారం సరైనది, కానీ అబద్ధం. రెండు, ఆమె అనుమతితో ఆమె రికార్డునే పేజీగా చేసి పంపడం. నిజం, కానీ మగ రోగికి ఆడమనిషి పేజీని మా వ్యవస్థ తీసుకోదు. ఆ తనిఖీ రాసింది నేనే. మూడు, నోటితో చెప్పడం. అది మా ఒప్పందంలో ఎక్కడా లేదు. ఈ మూడూ ఆమెకి వివరించాను. ఆమె ఓపిగ్గా విని, నా చొక్కా జేబు వైపు వేలు చూపించింది.

"ఫోనున్నాది కదా."

థాయ్ ఆవిడకి చేశాను. పక్కన డాక్టరు ఉన్నాడు. అక్క పట్టీ మీద పేరు చూపించింది, నేను ఒక్కొక్క అక్షరం చెప్పాను. మోతాదు, ఎన్నేళ్ళుగా, ఎన్నిసార్లు, ఎప్పుడు ఆగిపోయాయో చెప్పాను. చిన్నప్పుడు జ్వరంలో ఎప్పుడైనా వచ్చాయా అని డాక్టరు అడిగితే అక్కని అడిగి, లేదన్నాను. తలకి దెబ్బ తగిలిందా? లేదు. సముద్రం ఇటువైపు తెలుగు, మధ్యలో ఇంగ్లిష్, అటువైపు థాయ్. చివర థాయ్ ఆవిడ అడిగింది:

"ఇది ఏ రికార్డులో ఉంది?"

"ఏ రికార్డులోనూ లేదు. వాళ్ళక్క చెబుతోంది."

"మంచిది. అక్కలు చెప్పేది డాక్టర్లు రోజూ వింటారు."

"ఇంకొక్క మాట. పడవలో వాళ్ళకి ఇది తెలియకూడదు."

"మా చట్టం కూడా అదే చెబుతుంది, తమ్ముడూ."

ఆ ఇంగ్లిష్ అర్థం కాక అక్క నా మొహం చూస్తూ కూర్చుంది. ఫోన్ పెట్టేశాక టీ పెడతానంది. పాలు లేవని గుర్తొచ్చి నల్ల టీయే ఇచ్చింది. సాయంత్రానికి కబురు వచ్చింది. మాత్రలు మొదలుపెట్టారు, మళ్ళీ ఫిట్స్ రాలేదు, జ్వరం కాలి పుండు వల్లనట, తగ్గుతోంది. పెద్దాసుపత్రికి పంపలేదు. అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "సరే బాబూ" అంది.

మూడు వారాల తర్వాత ఆరుగురూ విమానంలో తిరిగొచ్చారు. వాళ్ళ వెనకే ఆరు డిశ్చార్జి పత్రాలు నా తెర మీదికి వచ్చాయి. ఆరోదానిలో జబ్బు పేరు స్పష్టంగా రాసి ఉంది. ఒప్పందం ప్రకారం అవతలి దేశంనుంచి వచ్చిన పత్రం ఏడు రోజుల్లో మనిషి పేజీలో కలుస్తుంది. వద్దంటే కలవదు. ఆ వద్దనే హక్కు పెట్టాలని పట్టుబట్టి రాయించింది కూడా నేనే. రాస్తున్నప్పుడు ఎవరు వద్దంటారులే అనుకున్నాను.

ఇటు ఇంకో మార్పు వచ్చింది. ఆ పడవ కొట్టుకుపోయాక సరంగులు ఎక్కించుకునే ముందు ఫోన్‌లో ఆ పేజీ చూపించమంటున్నారు. మేము డాక్టర్ల కోసం తయారుచేసింది జెట్టీ మీద టికెట్టులాగ మారింది. దాన్ని ఆపే నియమం మా పత్రాల్లో లేదు.

ఐదో రోజున వెళ్ళాను. తమ్ముడు వాకిట్లో వల సరిచేసుకుంటున్నాడు. సన్నగా, నా వయసువాడే. కాలికి కట్టుంది.

"భయ్యా, ఆ వద్దనేది ఏదో ఉందంట కదా. దబా దో, నొక్కెయ్."

"ఆలోచించుకో. పేజీలో ఉంటే ఇంకోసారి ఇలా అయినప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు."

"పేజీలో ఉంటే ఇంకోసారి పడవెక్కేదే లేదు."

"సముద్రంలో వస్తే?"

"పక్కనున్నోడు లాగుతాడు."

"పక్కనున్నవాడికి తెలియదు కదా."

వల ముడి ఒకటి పళ్ళతో తెంపాడు. గడప మీద కూర్చున్న అక్కని చూశాను.

"నన్ను సూడకు. మందులు తెచ్చేది నాను, సముద్రానికెల్లేది ఆడు."

"సరంగుకి ఒక్కడికి చెప్పు," అన్నాను. "ఒక్కడికి."

"చెప్తాలే."

"ఎప్పుడు?"

"చెప్తానన్నాను కదా యార్. నువ్వేమన్నా నీళ్ళలోకి వస్తావా?"

రానని ఇద్దరికీ తెలుసు. నేను ఈదలేను కూడా. ల్యాప్‌టాప్ తెరిచాను. ఆరంకెలు అక్క ఫోన్‌కి వచ్చాయి. ఈసారి ఆమె ఏమీ అడక్కుండా ఒక్కొక్కటి చదివింది. పత్రం పోయింది. పేజీలో జబ్బులు లేవు, మందులు లేవు. టీ ఇవ్వలేదు. అడగాల్సిన సందర్భమూ కాదు.

ఆ వారం సమావేశంలో లెక్క చెప్పాను. తిరిగొచ్చిన పత్రాలు ఆరు, కలిసినవి ఐదు, వద్దన్నది ఒకటి. ఒక నల్ల గడిలోంచి ఎవరో కారణమేమిటని అడిగారు. కారణం రాయడం తప్పనిసరి కాదన్నాను. థాయ్ ఆవిడ తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. తర్వాత 'ఉదాహరణ ఒకటి' ఏమైందని అడిగారు. తీసేశానన్నాను. ఎందుకని అడిగితే, పరిశోధనకి పనికిరాదన్నాను. ఆరేళ్ళు ఒక్క నెల తప్పకుండా ఎలా చేసిందన్న ప్రశ్నకి నా దగ్గర ఇప్పుడు జవాబుంది. దాన్ని ఏ పత్రికకీ పంపలేను, పన్నెండు గళ్ళలో ఎవరికీ చెప్పలేను. పేజీకి ఒక కొత్త గడి చేర్చాలని మాత్రం రాసి పంపాను: 'తెలియకపోతే ఎవరిని అడగాలి', కింద ఒక ఫోన్ నంబరు. జవాబుగా ఆ పేరా పక్కన పసుపు రంగులో 'చర్చించాలి' అని వచ్చింది. ఇప్పటికీ అలాగే ఉంది.

పడవలు మళ్ళీ వెళ్ళడం మొదలైంది. ఆ తమ్ముడెక్కే పడవ ఎప్పుడు వెళ్తుందో, ఎప్పుడు రావాలో కనుక్కోవడం నాకు అలవాటైంది. పొద్దున లేవగానే గాలి ఎంత, అల ఎంత అని చూసేవాణ్ణి. నేను చూసినంత మాత్రాన ఏమీ మారదని తెలుసు. నాకు తెలిసిన విషయం ఆ పడవలో ఎవరికైనా తెలుసో లేదో తెలియదు. వేట సాగే ఆ ఏడు రోజులూ బల్ల ముందు కూర్చుని గళ్ళు సరిచేసేవాణ్ణి, మధ్యలో లేచి గది తలుపు దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. చెప్పుకోవడానికి మనిషి ఉన్నా కూడా చెప్పకూడని విషయం అది. అందువల్ల మనిషి లేకపోవడం ఆ రోజుల్లో కొంత నయమనిపించింది. అలా అనిపించడం నాకు నచ్చలేదు.

పడవ రావాల్సిన రోజు సాయంత్రం అక్కకి ఫోన్ చేసేవాణ్ణి. నేనేమీ అడగకముందే "వొచ్చీసినాడు" అని పెట్టేసేది. మూడు వేటలు అలా గడిచాయి. ఆ ఒక్క మాట కోసం నంబరు నొక్కడం నాకే సిగ్గుగా అనిపించింది. నాలుగోసారి చెయ్యలేదు. ఫోన్ బల్ల మీద బోర్లించి పెట్టి, పొగాకు గడి మళ్ళీ సరిచూసుకుంటున్నాను. అది మోగింది.

"ఏటి, సెయ్యలేదు?"

"మీకు ఇబ్బందేమోనని..."

"ఆడొచ్చి గంటయింది. నువ్వు సేస్తావని ఫోన్ సేతిలో పట్టుకుని కూకున్నాను."

"సరంగుకి చెప్పాడా దీదీ?"

వెనక ఎక్కడో నీళ్ళు పోస్తున్న చప్పుడు, మగ గొంతులో నవ్వు.

"నన్నెందుకు అడుగుతావు? నోరు ఆడికున్నాది. ఇదిగో ఇస్తన్నాను."

ఫోన్ చేతులు మారింది. అటువైపు తడి చేతి చప్పుడు, తర్వాత ఊపిరి.

"బోలో భయ్యా," అన్నాడు.